పోచంపల్లి కోసం పురుగుల ఇల్లు

గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఇంట్లో చేపల తొట్టి ఉన్నవాళ్ళు ముందు కాసిని మంచినీళ్ళు తాగి రండి. నేనిప్పుడు చెప్పబోయేది ఒక సామూహిక హత్య గురించి. చంపమని ఆజ్ఞ ఇచ్చింది నేనే. చచ్చినవాళ్ళందరూ నావాళ్ళే. పోలీసులు రాలేదు కానీ, సాక్షులు మాత్రం మా కాలనీ నిండా ఉన్నారు.

అప్పట్లో మేం నాచారంలో ఒక ఇంటి మొదటి అంతస్తులో కిరాయికి ఉండేవాళ్ళం. నేను దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ని. పంపులు, పైపులు, వాల్వులు, ఇదే బతుకు. పగలంతా పైపుల మధ్య తిరిగినవాడు సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని టీవీ చూడాలి కదా! నేను ఇంట్లో కూడా పైపులు పెట్టుకున్నాను. హాల్లో గోడకు ఆనించి మూడడుగుల సముద్రం కట్టాను. ఎవరైనా దాన్ని చేపల తొట్టి అంటే నాకు తగని కోపం. "తొట్టి కాదు, రీఫ్ ట్యాంక్" అని సరిదిద్దేవాణ్ని. ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు, రెండు ఎర్ర రొయ్యలు, గవ్వల్లో దూరి తిరిగే పీతలు, నారింజ రంగు చేపలు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో నేను ఉప్పు కొనితెచ్చి, బకెట్లో కలిపి, సముద్రం తయారుచేసేవాణ్ని. నా అంత తెలివైనవాడు ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా లేడని నా గట్టి నమ్మకం.

మా ఆవిడ స్వరూపకు ఆ సముద్రం అంటే పడేది కాదు. అది సోఫా పెట్టాల్సిన జాగా అని ఆమె వాదన. ఇంటికి చుట్టాలొచ్చి కింద చాప మీద కూర్చున్నప్పుడల్లా నా వంక ఒక చూపు చూసేది. ఆ చూపు తప్పించుకోవడానికి నేను రొయ్యలను లెక్కపెడుతున్నట్టు నటించేవాణ్ని.

అలాంటి మనిషి ఒక్కరోజులో మారిపోయింది. ఉప్పల్‌లో ఖాదర్ భాయ్ అని ఒకాయనకు చేపల షాపు ఉంది. ఒక సాయంత్రం ఇద్దరం అటు వెళ్ళినప్పుడు ఆయన దగ్గర వేలెడంత చేప ఒకటి కనిపించింది. మాండరిన్ అంటారు దాన్ని. నీలం మీద నారింజ, నారింజ మీద ఆకుపచ్చ, అంచులు కలిసీ కలవనట్టు గీతలు. స్వరూప అద్దానికి ముక్కు ఆనించి, "అయ్యో, అచ్చం పోచంపల్లి చీర లెక్క ఉందేంది!" అంది. అంతే, దానికి ఆ పేరే ఖాయమైంది.

"ఏం తింటది భాయ్?" అని అడిగాను.

"అన్నీ తింటది అన్నా. ఏం ఫికర్ వద్దు. మీరేం తింటే అది తింటది" అన్నాడు ఖాదర్ భాయ్.

పాఠక మహాశయులారా, చేపలు అమ్మేవాణ్ని చేప తిండి గురించి అడిగి, చెప్పింది నమ్మి, కవర్లో నీళ్ళూ చేపా పోయించుకుని బండెక్కినవాణ్ని నన్ను తప్ప ఎవరినైనా చూశారా? పోచంపల్లి మేం వేసినది ఏదీ తినలేదు. బయట కొన్న గింజలు తినలేదు. గడ్డకట్టించి అమ్మే చిట్టి రొయ్యలు తినలేదు. స్వరూప ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు వేస్తే, పక్కకు తప్పుకుని మర్యాదగా దారి ఇచ్చింది. రోజంతా రాళ్ళ మీద ముక్కుతో పొడుస్తూ తిరిగేది. అప్పుడు నెట్లో చదివితే తెలిసింది. దానికి రాళ్ళ సందుల్లో పుట్టే, కంటికి కనీ కనబడని సముద్రపు పురుగులే కావాలట. అవీ ప్రాణంతో ఉండాలట. అవీ పొద్దస్తమానం కావాలట. మా చిన్న ట్యాంకులో ఉన్న పురుగులన్నీ అది కొద్దిరోజుల్లోనే ఊడ్చేసింది.

స్వరూప పొద్దున చాయ్ గ్లాసుతో ట్యాంకు ముందు కూర్చుని, "గిది బక్కగయితుంది. పొట్ట లోపలికి వోయింది, జూడు" అనేది. నాకూ కనిపిస్తూనే ఉంది. ఆకలితో ఉన్న పిల్లను ఎదురుగా పెట్టుకుని మనం అన్నం తింటున్నట్టు ఉండేది. ముద్ద దిగేది కాదు.

దీనికి మందు కూడా నెట్లోనే దొరికింది. దాని పేరు రెఫ్యూజియం. పేరు విని బెదరకండి, సంగతి చాలా తేలిక. ట్యాంకు పక్కనే ఇంకో టబ్బు పెట్టాలి. ట్యాంకు నీళ్ళు పంపుతో అందులోకి ఎక్కాలి, అందులోంచి మళ్ళీ ట్యాంకులోకి జారాలి. టబ్బులో సముద్రపు నాచు వేసి, పైన లైటు పెట్టి పెంచాలి. అక్కడ చేపలుండవు కాబట్టి పురుగులు నిశ్చింతగా పిల్లల్ని కంటాయి. ఎక్కువైన పురుగులు నీళ్ళతోపాటు ట్యాంకులోకి వచ్చి పడతాయి. పురుగులకు పుట్టిల్లు, చేపకు వంటిల్లు. పైగా నాచు నీళ్ళలోని మురికిని కూడా పీల్చేస్తుంది.

ఇదంతా స్వరూపకు చేతులు తిప్పుతూ వివరించాను.

"అంటే, పురుగులకు ఇల్లు గడ్తవా?" అంది.

"అవ్."

"మనం కిరాయింట్ల ఉంటున్నం. పురుగులకు సొంతిల్లు."

"గది ఇల్లు గాదు స్వరూపా, రెఫ్యూజియం."

"పేరు గూడ వెట్టినవ్ గద. గృహప్రవేశానికి ఎవలెవలిని పిలుస్తున్నవ్?"

నేను మూతి ముడుచుకున్నాను. ఆమె ట్యాంకు వైపు చూసి కొంచెం తగ్గింది. "గిది వెడితే పోచంపల్లి బతుకుతదా?" అని అడిగింది.

"బతుకుతది."

"ఒట్టు?"

ట్యాంకు మీద చెయ్యేసి ఒట్టేశాను. ఈ కథలో నేను చేసిన పనుల్లో నిజాయితీగా చేసింది అదొక్కటే.

ఇక టబ్బు ఎక్కడ పెట్టాలన్నది సమస్య. హాల్లో జాగా లేదు. కింద ఇంటి ఓనర్ ప్రభాకరంగారు. రాజమండ్రి వైపు ఆయన, హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. మహా మర్యాదస్తుడు. గోడకు మేకు కొడితే కూడా "మీ ఇల్లేననుకోండి, కాకపోతే మేకు కొట్టకండి" అంటారు. అదృష్టం కొద్దీ ఏసీ కోసమని హాలు గోడకు ఆయనే ఎప్పుడో కన్నం పెట్టించి ఉంచారు. మాకు ఏసీ లేదు. ఆ కన్నంలోంచి పైపులు బయటి వరండాలోకి తీశాను. వరండాలో మెట్ల పక్కన ఇనప స్టాండు వేసి, దాని మీద నీలం టబ్బు ఎక్కించాను. ఎవరికీ కనబడకుండా ముందు బట్టలారేసే తీగ కట్టాను. ప్రభాకరంగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కరు. అనుమతి అడిగితే ఒప్పుకునేవారేమో కూడా. కానీ అడిగితే, వరండాలో పురుగులు పెంచుతాను అంకుల్ అని చెప్పాలి. ఆ వాక్యం ఓనర్‌తో అనగలిగే కిరాయిదారు ఇంకా పుట్టలేదు.

మొదటివారంలోనే నాచు పెరిగి, నీళ్ళు పోయే పైపుకు అడ్డం పడింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి టబ్బు పొంగి, మెట్లమీదుగా చిన్న జలపాతం దిగుతోంది. కింద ప్రభాకరంగారు నిలబడి తలెత్తి చూస్తున్నారు.

"పైనుంచి నీళ్ళు కారుతున్నాయండీ" అన్నారు.

"బట్టలు పిండినం అంకుల్."

"ఉప్పగా ఉన్నాయేంటండీ?"

నేను బిత్తరపోయాను. "మీకెట్ల తెలుసంకుల్?"

"నాలుక మీద పెట్టి చూశానండీ. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు."

ఇలాంటి సమయంలో మామూలు మనిషి నిజం చెప్తాడు. నేను, "మామిడికాయ తొక్కుకు ఉప్పునీళ్ళు కలిపినం అంకుల్, గవి ఒలికినయ్" అన్నాను.

"ఆవకాయకి ఉప్పునీళ్ళేంటండీ? మా వైపు తడి చెయ్యి కూడా తగలనివ్వరే."

"మా దిక్కు గట్లనే వెడ్తం."

"అలాగా! అయితే అయ్యాక కొంచెం రుచి చూపించండి" అన్నారాయన ఎంతో ఆసక్తిగా. మరునాడు నేను చిల్కానగర్ దాకా పోయి తొక్కు సీసా కొని, లేబులు గీకి, గిన్నెలోకి మార్చి ఇచ్చుకున్నాను. ఆయన తిని, "ఉప్పునీళ్ళ సంగతి ఎలా ఉన్నా, అద్భుతంగా ఉందండీ" అన్నారు. అక్కడినుంచి ప్రతి నెలా ఆయనకు తొక్కు అందజేయడం నా రెఫ్యూజియం ఖర్చుల్లో భాగమైంది.

కానీ పురుగులు మాత్రం నన్ను మోసం చేయలేదు. నాచు ముద్దలో చెయ్యి పెడితే చాలు, తెల్లటి చుక్కలు చిమ్ముకుంటూ పరుగులు తీసేవి. పైపులోంచి ట్యాంకులోకి రాలిపడేవి. పోచంపల్లి ఆ పైపు నోటి దగ్గర కాపు కాసేది. కొద్దివారాల్లో పొట్ట గుండ్రంగా తేలింది. స్వరూప నాకు అడగకుండానే రెండో చాయ్ ఇవ్వడం మొదలుపెట్టింది. "మా ఆయనకు ఒక్క పనైనా వచ్చు" అని వాళ్ళక్కతో ఫోన్‌లో నాకు వినబడేలా చెప్పింది. పెళ్ళయ్యాక నన్ను అంతగా పొగడటం అదే మొదటిసారి. నేను ఆ పొగడ్తకు పొంగి, చెయ్యకూడని పని ఒకటి చేశాను. ఊరి బాధ్యత నెత్తినేసుకున్నాను.

వానలు పడ్డాయి. కాలనీలో డెంగీ జ్వరాలు మొదలయ్యాయి. ఇంటికొకరు దవాఖానాలో ఉన్నారు. అసోసియేషన్ సెక్రటరీ యాదగిరన్న మీటింగు పెట్టాడు. అందరూ తలా ఒక మాట అని కాఫీ తాగి వెళ్ళిపోయే సమయానికి నేను లేచి నిలబడ్డాను. మా ఫ్యాక్టరీలో పురుగుల నివారణ ఎలా చేస్తామో, నిలవ నీరు ఎంత ప్రమాదమో, మైకు పట్టుకుని దంచేశాను. ఎదురుగా స్వరూప కూర్చుని ఉంది. ఆమె చూస్తుంటే నాకు మాట మీద మాట వచ్చింది. మీటింగయ్యేసరికి నేను దోమల కమిటీ అధ్యక్షుణ్ని.

అధ్యక్షుడు ఊరుకుంటాడా? ఆదివారం పొద్దున కాలనీ అంతా గాలించాలని తీర్మానం చేశాను. లైనుకొక బృందం. అసోసియేషన్ తెప్పించిన దోమల మందు నేనే స్వయంగా సీసాల్లో పోసి పంచాను. ఎక్కడ నిలవ నీళ్ళు కనబడినా, అందులో పురుగు కదిలినా, ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నేను చూసి చెప్తాను. మా లైను ప్రభాకరంగారు తీసుకున్నారు. "మోకాళ్ళు సహకరించినంత వరకూ చూస్తానండీ" అన్నారు. నాకు మెట్లు గుర్తొచ్చాయి, ఆయన మోకాళ్ళు కూడా గుర్తొచ్చాయి. ఆ మోకాళ్ళ మీద భారం వేసి నిశ్చింతగా ఉన్నాను. అయినా పారే ఉప్పునీళ్ళలో దోమ గుడ్లు పెట్టదు కాబట్టి మా టబ్బు దోమల లెక్కలోకే రాదు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసన్నది నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున స్వరూప ఘట్‌కేసర్‌లో ఉన్న వాళ్ళక్క ఇంటికి బయల్దేరింది. గడప దాటుతూ, "పోచంపల్లి పైలం" అంది.

"దానికేమైతది? రాజభోగం నడుస్తుంది" అన్నాను మెడలో మైకు వేసుకుంటూ.

యాదగిరన్నా నేనూ చివరి లైనులో ఉన్నాం. నేను ఒక్కో ఇంటి ముందూ ఆగి, పూలకుండీ కింది పళ్ళెం దగ్గరనుంచీ పాత టైరు దాకా దేన్నీ వదలకుండా ఉపన్యాసం ఇస్తున్నాను. ఫోను టింగుమంది. ప్రభాకరంగారు ఫొటో పెట్టారు. బాగా దగ్గరగా తీసిన ఫొటో. ఆకుపచ్చటి నీళ్ళు, నాచు, నాచు నిండా తెల్లటి పురుగులు. కింద ఇలా రాశారు: "ఒకరి వరండాలో కనబడింది. ఎవరి ఇల్లో చెప్పడం బాగుండదు. మంచి కుటుంబం. ఏం చెయ్యమంటారు?"

చూశారా మర్యాద? కిరాయికున్నవాడి పరువు నలుగురిలో పోకూడదని ఆ పెద్దమనిషి పేరు దాచాడు. పేరు పెట్టి తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ని.

నేను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. పాఠకులారా, రోజూ నేను ముద్దుగా చూసుకునే పురుగులను నేను గుర్తుపట్టలేదు. సొంత పిల్లలను బడి గ్రూప్ ఫొటోలో పోల్చుకోలేని తండ్రి ఎవడైనా ఉంటాడా? "ఛీ, ఎంత రోత!" అనుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు, చేతిలో మైకు ఉంది, రాస్తే ఏం బాగుంటుందని గ్రూపులో వాయిస్ పెట్టాను:

"అంకుల్, ఎవలిల్లో నేనడ్గ, మీరు జెప్పకున్రి. మన కాలనీల పెద్దింటోళ్ళు లేరు, చిన్నింటోళ్ళు లేరు. గీ పురుగులకు దయ జూపెడితే రేపు మన పిల్లలకు జెరమొస్తది. సీసా మొత్తం గుమ్మరించున్రి. గా నాచు గూడ పీకి పారేయున్రి. రేపు నా ఇంట్ల దొరికినా సరే, నాది గిదే మాట!"

యాదగిరన్న నా భుజం తట్టాడు. "మస్తు జెప్పినవ్ తమ్మీ. లీడరంటే గిట్లుండాలె" అన్నాడు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. నేను కాలరు సర్దుకున్నాను.

కాసేపటికి ఇంకో ఫొటో వచ్చింది. "పని పూర్తయింది. సీసా మొత్తం పోశాను" అని ప్రభాకరంగారు. ఈసారి కొంచెం దూరం నుంచి తీశారు. ఇనప స్టాండు. నీలం టబ్బు. పక్కన తీగ మీద గళ్ళ లుంగీ. లోకంలో గళ్ళ లుంగీలు చాలా ఉంటాయి కదా అనుకున్నాను. నీలం టబ్బులు కూడా ఉంటాయి అనుకున్నాను. కానీ ఆ లుంగీకి కుడిపక్క వెల్డింగు రవ్వ పడిన చిల్లు ఉంది. ఆ చిల్లులోంచి మా తలుపు కనబడుతోంది.

"ఏమైంది తమ్మీ? మైకు వట్టుకొని గట్ల నిలవడ్డవ్?" అన్నాడు యాదగిరన్న.

"అన్నా... గా ఇల్లు నాదే అన్నా."

యాదగిరన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆ తర్వాత నా చేతిలో మైకు లాక్కున్నాడు. "కాలనీ వాసులందరు ఇనున్రి! మా కమిటీ అధ్యక్షుడు, తన సొంతింట్ల దొరికినా ఎనకాడలే! తానే మందు వోయుమన్నడు! గిసొంటి మనిషి యాడుంటడు!" జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలోంచి నేను బండి దగ్గరకు పరిగెత్తాను. వినయం కొద్దీ పారిపోతున్నాననుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

మెట్ల మీద ప్రభాకరంగారు మోకాలు పట్టుకుని కూర్చున్నారు. చేతిలో ఖాళీ సీసా. "మొన్న మీటింగులో మీరన్న మాటకి కదిలిపోయానండీ. నొప్పి కూడా లెక్కచేయకుండా ఎక్కాను" అన్నారు. "మీ పేరు రాయలేదు, గమనించారా? తెలియక పేరుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. బట్టల వెనక కదా, మీకు కనబడి ఉండదు."

"థాంక్స్ అంకుల్" అన్నాను. నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

నాచు ముద్ద వరండాలో పడి ఎండుతోంది. అయితే అసలు ఘోరం అది కాదు. పంపు ఆగలేదు. నేను కట్టిన పైపులే, నేను బిగించిన వాల్వులే, టబ్బులో పోసిన మందును ఒక చుక్క పోకుండా లోపలి ట్యాంకులోకి దింపుతున్నాయి. పరిగెత్తుకెళ్ళి ప్లగ్గు పీకాను. అప్పటికే రొయ్యలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. పీతలు గవ్వల్లోంచి బయటపడి కదలకుండా ఉన్నాయి. పగడాలు ముడుచుకుపోయాయి. కాళ్ళున్న ప్రాణి ఏదీ మిగల్లేదు. కలిపి ఉంచుకున్న ఉప్పునీళ్ళు ఒక్క క్యాను మాత్రం ఉన్నాయి. అవి మార్చాను. మందును పీల్చుకుంటుందని బొగ్గు సంచి వేశాను. ఇంకేం చెయ్యాలో తెలియక ట్యాంకు ముందు నేల మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఏడ్చాను. పురుగుల కోసం ఏడ్చిన మగవాణ్ని మీరు మరెక్కడా చూసి ఉండరు.

ఆ మందు పురుగుల జాతిని చంపేదే కాబట్టి చేపలు మాత్రం బతికాయి. పోచంపల్లి పైపు నోటి దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే కాపు కాసి కూర్చుంది. పైపులోంచి ఏమీ రావడం లేదు. అయినా అది అక్కడినుంచి కదల్లేదు.

మధ్యాహ్నం స్వరూప వచ్చింది. నేను మొహం కడుక్కుని, ఒక కథ సిద్ధం చేసుకున్నాను. "పంపు ఖరాబైంది..." అని మొదలుపెట్టాను.

"గ్రూపుల నేను గూడ ఉన్న" అంది.

చెప్పులు కూడా విప్పకుండా ఫోను తీసి వాయిస్ నొక్కింది. "గీ పురుగులకు దయ జూపెడితే..." అని నా గొంతు హాలంతా మోగింది. అయిపోయాక మళ్ళీ నొక్కింది. "నా ఇంట్ల దొరికినా సరే, నాది గిదే మాట!" మళ్ళీ నొక్కింది.

"చాలు స్వరూపా."

"ఉండు. గా 'నాది గిదే మాట' దగ్గర మస్తు రోషంగ జెప్పినవ్. ఇంకోసారి ఇంట."

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగోసారి సగంలోనే ఆపేసింది. ట్యాంకు దగ్గరకెళ్ళి, "ఇగ ఇదేం తింటది?" అంది.

కొత్త నాచు తెచ్చి, కొత్త పురుగులు పుట్టేదాకా పోచంపల్లి ఆకలితో ఆగలేదు. మందు తగిలిన రాళ్ళల్లో ఏం పుడుతుందో, ఎప్పుడు పుడుతుందో చెప్పేవాళ్ళు లేరు. రోజురోజుకూ దాని పొట్ట మళ్ళీ లోపలికి పోయింది. ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేస్తే, "అన్నీ తింటది అన్నా" అనే అన్నాడు. చివరికి ఆయనే హబ్సిగూడలో ఒక పళ్ళ డాక్టరు సంగతి చెప్పాడు. ఆయన క్లినిక్కులో పేషెంట్లు కూర్చునే హాల్లో, గోడ పొడవునా ఏళ్ళ తరబడి నడుస్తున్న పెద్ద రీఫ్ ట్యాంక్ ఉందట. రాళ్ళ నిండా పురుగులేనట. పోచంపల్లిని తీసుకోవడానికి డాక్టరు సరేనన్నాడు. మెట్రోలో స్వరూప ఆ నీళ్ళ కవరును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకామె వంగి చూసి, "ఎక్కడికి తీస్కపోతున్రు?" అని అడిగింది. "మంచింటికి" అంది స్వరూప. నేను కిటికీలోంచి బయటకు చూశాను.

ఇక్కడితో నా శిక్ష అయిపోయిందనుకుంటే పొరపాటు. మరుసటి మీటింగులో యాదగిరన్న నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. ప్రభాకరంగారు రెండు మాటలు మాట్లాడారు. "సొంత వరండాలో పురుగులు దొరికినప్పుడు ఎవరైనా దాచుకుంటారండీ. ఈయన దాచుకోలేదు. ఇలాంటి పారదర్శకత నేను ఉద్యోగంలో కూడా చూడలేదు" అన్నారు. నిజం చెప్తే ఇల్లు ఖాళీ చేయాలి. చెప్పకపోతే నా పురుగులను చంపినందుకు దండ వేయించుకోవాలి. వేయించుకున్నాను. ముందు వరసలో స్వరూప కూర్చుని, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే నెమ్మదిగా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక ఆ శాలువాను తీసుకెళ్ళి ఖాళీ టబ్బు మీద కప్పింది.

ఇప్పుడు మేం హబ్సిగూడ వెళ్తుంటాం. పోచంపల్లి అక్కడ దొరసానిలా ఉంది. అయితే ఒక చిక్కుంది. పంటి జబ్బు లేకుండా క్లినిక్కులో ఊరికే కూర్చుంటే బాగుండదు కదా. వంతులవారీగా మేమే జబ్బు తెచ్చుకుంటాం. స్వరూప పళ్ళు రెండుసార్లు క్లీను చేయించుకుంది. నేను సిమెంటు పెట్టించుకోవాల్సినవన్నీ పెట్టించేసుకున్నాను.

మొన్న వెళ్ళినప్పుడు స్వరూప అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "ఎంత తిండి తింటుందో జూడు. మనింట్ల ఉన్నన్ని దినాలు పైపు కాడ నిలవడితే, దానికి మనమంటే పానమనుకున్న. ఆకలయి నిలవడ్డది" అంది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ సంఘటన తర్వాత ఆమె నా మీద చెయ్యి వేయడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి నా పేరు పిలిచారు.

"నొప్పి ఎక్కడ?" అన్నాడు డాక్టరు. ఏదో ఒక పన్ను చూపించాను. కుర్చీ వెనక్కి వాలింది, నోట్లో అద్దం పెట్టారు. ఆ పైన వెలిగే లైటును సాక్షిగా పెట్టుకుని, చేయవలసిన ప్రతిజ్ఞ అక్కడే చేసేశాను: ఇకమీదట ఏ నీళ్ళలోనూ ఏ పురుగునూ ఓనర్‌కు చెప్పకుండా పెంచను. ఏ కమిటీకీ అధ్యక్షుణ్ని కాను. ఎవరైనా ఫొటో పెట్టి ఏం చెయ్యమంటారని అడిగితే, ఎంత మర్యాద తక్కువైనా సరే, ముందు ఇల్లెవరిదని అడిగి తీరుతాను. ఇదంతా గంభీరంగా, గట్టిగానే అన్నాను. కానీ నోరు తెరిచి ఉండటం వల్ల బయటికి "ఆ... ఆ... ఆ..." అని మాత్రమే వినబడింది. పాపం చాలా నొప్పిగా ఉన్నట్టుందని, డాక్టరు ఏ రోగమూ లేని ఆ పన్ను పీకేశాడు.